ఆర్డర్లు వచ్చాయా? ముందు చిన్నోడి ఫైలు సర్దు

ఒరేయ్ శీనూ,

టెక్సస్‌లో ఫోర్ట్ హుడ్ ఆర్మీ బేస్ నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో లూయిస్-మెకార్డ్ బేస్‌కి బదిలీ మీద వెళ్తున్నారంటే సామాన్ల గోల ఉండనే ఉంటుంది. చిన్నోడి స్కూలు ఫైలు మాత్రం ట్రక్కులో వేయకు, నీ చేతిసంచిలోనే పెట్టుకో. మిలిటరీ పిల్లల చదువుల ఒప్పందం మీద 50 రాష్ట్రాలూ సంతకం చేశాయి. నువ్వు పట్టుకెళ్లిన నకళ్లు చూసే కొత్త స్కూలు చేర్చుకోవాలి. టీకాలేమైనా బాకీ ఉంటే వాటికి 30 రోజుల గడువుంటుంది.

ఫైల్లో తాజా ఐఈపీ (స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకి స్కూలు ఏమేం ఇవ్వాలో రాసే ప్లాను), ప్రోగ్రెస్ రిపోర్టులు, చివరి ఎవాల్యుయేషన్ రిపోర్టు ఉండాలి. టెక్సస్‌లో ఎఫ్‌ఐఈ అంటారే, అదే. మొదటి రెండు పేజీలతో సరిపెడతారు, మొత్తం అడుగు.

అసలు కథంతా ఐఈపీలో సర్వీసుల పేజీలో ఉంటుందిరా. "స్పీచ్ థెరపీ, అవసరాన్ని బట్టి" అని ఉంటే కొత్త స్కూలు జిల్లా (అక్కడి స్కూళ్లని నడిపే సంస్థ) ఎంతిచ్చినా నువ్వు నోరెత్తలేవు. "వారానికి 2 సార్లు, 30 నిమిషాల చొప్పున, విడిగా, థెరపిస్టే నేరుగా" అని ఉంటే మొదటి రోజు నుంచే దానికి సరితూగేది ఇచ్చి తీరాలి. సరితూగేది అంటే అచ్చం అదే కాదు, టైమూ మనిషీ మారొచ్చు. విడిగా ఇచ్చేదాన్ని ఆరుగురి గుంపులో కలిపేస్తే మాత్రం ఒప్పుకోకు. కుదరదంటే గొడవొద్దు, ఆ కుదరదన్న ముక్క కారణంతో సహా రాసిమ్మను. దాన్నే ప్రయర్ రిటెన్ నోటీస్ అంటారు. ఆ పేరెత్తితే చాలు, చాలాచోట్ల దారికొస్తారు.

రాష్ట్రం మారుతోంది కాబట్టి చిన్నోడికి మళ్లీ ఎవాల్యుయేషన్ పరీక్షలు చేస్తామనొచ్చు. వాషింగ్టన్‌లో నువ్వు ఆ పరీక్షలకి ఒప్పుకుంటూ సంతకం పెట్టాక వాళ్లకి 35 స్కూలు రోజుల గడువు. సెలవులు అందులోకి రావు, జూన్‌లో పెట్టిన సంతకం సెప్టెంబరు దాటిపోతుంది. ఈలోగా సర్వీసులు ఆపడానికి వీల్లేదు.

ఇంట్లో తెలుగే కదా, స్కూలు ఫారంలో దాచకుండా రాయి. రాయకపోతే, ఇంగ్లిషు రాక తప్పిన జవాబులు కూడా లోపం లెక్కలో పడిపోతాయి. మీటింగుల్లో మీ ఆవిడకి తెలుగు దుబాసీ కావాలంటే ముందే చెప్పు, ఖర్చు జిల్లాదే.

ఈఎఫ్‌ఎంపీలో (ప్రత్యేక అవసరాలున్న కుటుంబసభ్యుల కోసం మిలిటరీ నడిపే కార్యక్రమంలో) పేరుంది కదాని ధీమాగా కూర్చోకు. అందుకు నింపే 2792-1 ఫారం ఆర్మీ లెక్కకి, స్కూలు దాన్ని పట్టించుకోదు. ఇల్లు చూసేటప్పుడే ఏ జిల్లాలో పడుతుందో కనుక్కో. బేస్ లోపలైతే క్లోవర్ పార్క్, పక్కనే డూపాంట్ ఊళ్లో అయితే స్టిలకమ్. బేస్‌లో మిలిటరీ పిల్లల స్కూలు విషయాల్లో సాయపడే స్కూల్ లయజాన్ ఆఫీసర్ ఉంటారు, పైసా ఖర్చు లేదు. ఐఈపీలో అక్షరం మార్చలేరు గానీ, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకి బాగా తెలుసు.

కదిలేలోపే ఆర్డ్ మీటింగ్ (టెక్సస్‌లో ఐఈపీ తేల్చే మీటింగ్) అడిగి ఆ సర్వీసుల నిమిషాలన్నీ అంకెల్లో రాయించు. ఆ పేజీ ఫోటో వాట్సాప్‌లో పెట్టు, సంతకం చేసేముందు నేనూ ఓసారి చూస్తా.

నీ
మురళి