తెలియని ప్రోగ్రాంకి వేరే గది

అమ్మలూ,

స్నేహితురాలు పంపిన ప్రోగ్రాం నీ ల్యాప్‌టాప్‌లో నడపవచ్చా అని నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. నువ్వేమో క్లాసుకి టైమవుతోందని తొందరలో ఉన్నావు, నేనేమో "వద్దు, నడపకు" అని పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే, వద్దన్నంత మాత్రాన నీ పని ఆగదు కదా అనిపించింది. ప్రాజెక్టుకి ఆ ప్రోగ్రాం కావాలి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం. దానితో వచ్చిన సూచనల్లో "మొదట యాంటీవైరస్ ఆపేయండి" అని ఉందన్నావు. ఎవరు పంపినా సరే, ఆ పని మాత్రం చేయకు. నీ స్నేహితురాలు మంచి పిల్లే. కానీ ఆ ఫైలు అసలు ఎక్కడ పుట్టిందో ఆ పిల్లకీ తెలియదు.

నాకెందుకింత టెన్షన్ అంటే, ఇది నేను పడ్డ బాధే. ఒకసారి ఫొటోల సైజు తగ్గించే ఉచిత ప్రోగ్రాం ఒకటి డౌన్‌లోడ్ చేసుకున్నాను. డబుల్ క్లిక్ చేస్తే నల్లటి విండో ఒకటి రెప్పపాటులో వచ్చి పోయింది. అంతే, ఇంకేమీ రాలేదు. పని చేయడం లేదులే అనుకుని డిలీట్ చేసేశాను. నాలుగు రోజులకి నా మెయిల్ నుంచి తెలిసినవాళ్లందరికీ డబ్బు అడుగుతూ ఉత్తరాలు వెళ్లాయి. పాస్‌వర్డ్ నేనెవరికీ చెప్పలేదు. ఓటీపీ కూడా రాలేదు. ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ మళ్లీ అడగకుండా బ్రౌజర్ కుకీ అనే చిన్న గుర్తింపు చీటీ దాచుకుంటుంది. దాన్ని ఎత్తుకుపోయినవాడికి పాస్‌వర్డ్‌తోనూ ఓటీపీతోనూ పని లేదు. నేను నడిపిన ఆ ప్రోగ్రాం ఎత్తుకుపోయింది దాన్నే. అందుకు అడ్మిన్ అనుమతి, అంటే కంప్యూటర్ మొత్తం మీద అధికారం కూడా అక్కర్లేకపోయింది. నువ్వు నడిపిన ప్రోగ్రాం నీ పేరు మీదే నడుస్తుంది, నువ్వు తెరవగలిగిన ప్రతి ఫైలునీ అదీ తెరవగలదు.

అందుకే ఒక ప్రోగ్రాం మంచిదా చెడ్డదా అని తేల్చుకునే ప్రయత్నం నేను మానేశాను. తెలియనిదాన్ని వేరే గదిలో నడుపుతాను. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ ప్రో, కాబట్టి ఆ గది నీ దగ్గర ఉన్నట్టే. దాన్ని విండోస్ శాండ్‌బాక్స్ అంటారు. 2019లో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది, హోమ్ ఎడిషన్‌లో ఉండదు. కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి, నీకు 8 ఉంది. స్టార్ట్ మెనూలో విండోస్ ఫీచర్స్ అని వెతికి, ఆ జాబితాలో విండోస్ శాండ్‌బాక్స్‌కి టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యి. తెరిస్తే ఒక విండోలో మరో డెస్క్‌టాప్ కనిపిస్తుంది. అప్పుడే కొత్తగా వేసిన విండోస్‌లా ఖాళీగా ఉంటుంది. నీ ఫొటోలుండవు, నీ లాగిన్‌లు ఉండవు. అది చిన్న వర్చువల్ మెషీన్, అంటే నీ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్. విండోస్‌కి గుండెకాయలాంటి కెర్నల్ కూడా దానికి వేరేగా ఉంటుంది. ఆ విండో మూసేస్తే లోపల జరిగిందంతా తుడిచిపెట్టుకుపోతుంది.

అయితే ఆ గదికి మొదటి నుంచీ ముఖ్యంగా రెండు తలుపులు తెరిచే ఉంటాయి. ఒకటి నెట్. లోపలి ప్రోగ్రాం బయటి ప్రపంచంతో మాట్లాడగలదు, నువ్వున్న నెట్‌వర్క్‌లోని మిగతా మెషీన్ల దాకా కూడా వెళ్లగలదు. రెండోది క్లిప్‌బోర్డ్, అంటే కాపీ చేసింది పేస్ట్ చేసేదాకా ఉండే చోటు. నువ్వు బయట ఒక పాస్‌వర్డ్ కాపీ చేస్తే లోపలున్నది దాన్ని చదవగలదు. ఈ రెండూ మూసేసేలా ఒక చిన్న డబ్ల్యూఎస్‌బీ ఫైలు, అంటే శాండ్‌బాక్స్ ఎలా తెరుచుకోవాలో చెప్పే ఫైలు రాసి మెయిల్లో పంపాను. అది పది పదిహేను లైన్ల మామూలు టెక్స్ట్ ఫైలే. నేను పంపానని నేరుగా నొక్కేయకు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక్కో లైనూ చదువు, అర్థమయ్యాకే నడుపు. శాండ్‌బాక్స్ లోపలికి కూడా కనిపించేలా అందులో నీ ల్యాప్‌టాప్‌లోని రెండు ఫోల్డర్లు కలిపాను. ప్రోగ్రాం పెట్టేది చదవడానికి మాత్రమే, ఫలితాలు పడేదాంట్లో రాయవచ్చు. సౌకర్యంగా ఉంటుందని డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తం కలిపేయకు, అప్పుడిక గది కట్టీ లాభం లేదు. ఫలితాల ఫోల్డర్లోంచి నీకు కావలసిన సీఎస్‌వీ ఫైలు (పట్టికని మామూలు టెక్స్ట్‌గా దాచే ఫైలు) మాత్రం తీసుకో. ఇంకేదైనా కనిపిస్తే ముట్టుకోకు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. లోపల నడిపి చూశాం, ఏమీ కాలేదు, కాబట్టి మంచిదే అనుకుని బయట ఇన్‌స్టాల్ చేసేస్తారు. తాను వర్చువల్ మెషీన్‌లో ఉన్నానని పసిగట్టి, అక్కడ కిక్కురుమనకుండా కూర్చునే మాల్వేర్లు, అంటే హాని చేసే ప్రోగ్రాంలు ఉన్నాయమ్మా. లోపల నడిచింది లోపలే ఉండాలి. ఆ ప్రోగ్రాం నెలల తరబడి కావాలంటే వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక మెషీన్ పెట్టుకుని, శుభ్రంగా ఉన్నప్పుడే స్నాప్‌షాట్ తీసి ఉంచుకో, తేడా వస్తే మళ్లీ ఆ స్థితికి వెళ్లవచ్చు.

గది గోడలకీ పగుళ్లుంటాయి. 2015లో వెనమ్ అనే లోపం బయటపడింది. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఇప్పుడెవరూ వాడని ఫ్లాపీ డ్రైవ్ కోసం రాసిన కోడ్‌లో అది 2004 నుంచీ ఉంది. దాని గుండా వర్చువల్ మెషీన్‌లోంచి బయటికి రావచ్చని తేలింది. అలాంటివి అరుదు. అయినా అలాంటి పగుళ్లు పూడ్చేవి అప్‌డేట్లే, అందుకే విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడు వాయిదా వేయకు.

శాండ్‌బాక్స్ ఆప్షన్ మసకగా కనిపించి టిక్ పడకపోతే, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్‌కి వెళ్లి సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడు. లేకపోతే బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. ఒక్కదానివే చేయకు, వీడియో కాల్‌లో ఇద్దరం కలిసి చేద్దాం.

ఇంకొకటి, ఇది రాయడానికి మనసు కొంచెం కష్టంగానే ఉంది. ఒకవేళ నాకు ఫోన్ చేసేలోపే దాన్ని నడిపేసి ఉంటే, తిడతానని దాచకు. ఆ ల్యాప్‌టాప్‌కి వైఫై తీసేయి. నీ ఫోన్‌లోంచి మెయిల్ సెట్టింగ్స్‌కి వెళ్లి అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చు. పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే సరిపోతుందనుకోకు, సైన్ అవుట్ కూడా చేయాలి. అప్పుడే ఎత్తుకుపోయిన కుకీ చెల్లకుండా పోతుంది. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే.

అమ్మ