పిల్లల వార్డు సిస్టర్లను తరచూ మార్చవద్దు

సంపాదకుల వారికి,

సాధారణ బదిలీల ఉత్తర్వులు వెలువడినప్పుడు ఎవరిని ఏ ఊరికి పంపారన్న చర్చే తప్ప, ఒకే ఆసుపత్రిలో నర్సులను ఒక వార్డు నుంచి మరో వార్డుకు తిప్పే పద్ధతి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందరూ ఎస్‌ఎన్‌సీయూ అని పిలిచే నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో శిక్షణ పొంది చేయి తిరిగిన సిస్టర్‌ను కొద్ది నెలలకే ఎముకల వార్డుకో ఓపీకో పంపి, అంతవరకు పెద్దవాళ్లకే సెలైన్లు పెట్టిన మరొకరిని ఆమె స్థానంలో నియమించడం చాలాచోట్ల మామూలైపోయింది. పిల్లల నర్సింగ్‌ను చాలాకాలం బోధించినదానిగా, ఈ అలవాటు వల్ల జరిగే నష్టాన్ని మీ పాఠకుల ముందు, అధికారుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఇంజెక్షన్ ఎవరు వేసినా ఇంజెక్షనే కదా అని బయటివారికి అనిపించవచ్చు. ఒకటిన్నర కిలోల బిడ్డకు డాక్టరు 6 మిల్లీగ్రాముల జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారనుకుందాం. పెద్దలకు వాడే వయల్‌లో 2 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాముల మందు ఉంటుంది కనుక అందులోంచి తీసుకోవలసింది 0.15 మిల్లీలీటరు మాత్రమే. 2 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాములు ఉండే పిల్లల వయల్ అయితే అదే మోతాదుకు 0.6 మిల్లీలీటరు తీసుకోవాలి. స్టోరు నుంచి ఈ పూట ఏ వయల్ వచ్చిందో చూడకుండా నిన్నటి అలవాటుకొద్దీ 0.6 లాగితే బిడ్డ ఒంట్లోకి నాలుగు రెట్ల మందు వెళుతుంది. ఈ మందు ఎక్కువైతే మూత్రపిండాలు, వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంది. పెద్దల వార్డులో చాలా మందులకు ఒక ఆంపుల్ అంటే ఒక ఆంపులే. ఇక్కడ ప్రతి మోతాదూ ఆ రోజు బరువును బట్టి మారుతుంది.

లెక్కలైతే నేర్పితే వస్తాయి. బిడ్డ పరిస్థితి మారుతున్న సంగతి పసిగట్టడం మాత్రం రోజుల తరబడి అదే పని చేస్తేనే అలవడుతుంది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ చేరిన నవజాత శిశువుకు జ్వరం రావాలని లేదు. ఒళ్లు చల్లబడవచ్చు, చప్పరించడం మందగించవచ్చు, ఏడుపు సన్నగిల్లవచ్చు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, ఐదేళ్ల లోపు పిల్లలు 40 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే అది వేగంగా ఉన్నట్టే. పసిబిడ్డల శ్వాస ఒక తీరున సాగదు కాబట్టి పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు, నిమిషమంతా లెక్కపెట్టాలి. మానిటర్ మోగేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు.

బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి గుండెలకు ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ కొలంబియాలోని బొగోటాలో 1978లో మొదలైంది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో జరిపిన అధ్యయనం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెట్టినప్పుడు మరణాలు 25 శాతం తగ్గాయని అందులో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీన్నే సిఫారసు చేసింది. అయితే ఆపరేషన్ కుట్లు పచ్చిగా ఉన్న తల్లిని ఒప్పించి, బిడ్డకు ఏమవుతుందోనని అడ్డుపడే అత్తగారికి నచ్చజెప్పి, గంటల తరబడి ఆ బిడ్డను ఎదమీద ఉంచేలా చూడవలసింది, చనుబాలు పిండించి ఉగ్గుగిన్నెతో పొలమారకుండా పట్టడం నేర్పవలసింది సిస్టరే. ఈ పనిలో నలిగిన సిస్టర్‌కు అది చేతనవుతుంది. నిన్ననే వార్డులో అడుగుపెట్టినామె భయంతో బిడ్డను మళ్లీ వెచ్చదనమిచ్చే యంత్రం (వార్మర్) కిందే పడుకోబెడుతుంది. ఆమెను తప్పుపట్టలేం.

ఎస్‌ఎన్‌సీయూలో షిఫ్టుకు మూడు, నాలుగు పడకలకు ఒక నర్సు చొప్పున ఉండాలని కేంద్రం 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ నర్సులకు నాలుగు రోజుల తరగతులు, ఆపైన రెండు వారాలు పెద్ద ఆసుపత్రిలో ప్రత్యక్ష పరిశీలన ఉంటాయి. ఇంత చేసి ఆ నర్సును వేరే వార్డుకు పంపితే ఆ ఖర్చు, శ్రమ ఎవరి ఖాతాలో రాయాలి? కేంద్రం జరిపే నమూనా నమోదు సర్వే (ఎస్‌ఆర్‌ఎస్) 2020 లెక్కల ప్రకారం వెయ్యి సజీవ జననాలకు ఏడాది లోపు శిశువుల మరణాలు దేశంలో 28, ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. దేశంలోని ఆ 28 మందిలో 20 మంది మొదటి నాలుగు వారాల్లోనే కన్నుమూసినవారు. అంటే మరణాల సంఖ్యను ఇంకా దించవలసింది ఎక్కువగా ఈ వార్డుల్లోనే.

పన్నెండేళ్లు దాటిన పిల్లలది మరో అవస్థ. పద్దెనిమిదేళ్ల వరకు పిల్లల వైద్య విభాగమే చూడాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అంటున్నా, చాలా ఆసుపత్రుల్లో పన్నెండు నిండగానే పెద్దల వార్డులో మంచం చూపిస్తారు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లవాడికి మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్‌కు 40 అని గుర్తున్న సిరంజీ, 100 యూనిట్లు ఉండేదానికి 100 అని గుర్తున్న సిరంజీ వాడాలని స్వయంగా చేయించి నేర్పాలి. బడిలో మధ్యాహ్నం సూది వేసుకోవలసింది ఆ పిల్లవాడే కదా. ఆత్మహత్యకు ప్రయత్నించి చేరిన పదిహేనేళ్ల అమ్మాయిని బంధువులు, పక్క మంచాలవాళ్లు వింటుండగా ‘ఎందుకు చేశావమ్మా’ అని అడిగితే ఆమె నిజం చెప్పదు. అందరినీ కాసేపు బయట కూర్చోబెట్టి, తెర లాగి, ఆ పిల్ల దగ్గర కూర్చుని మాట్లాడటం కూడా నేర్చుకుంటేనే వచ్చే నర్సింగ్ పని.

నర్సులే మార్చమని అడుగుతున్నారని సూపరింటెండెంట్లు అంటారు. అది కొంతవరకు నిజం. రాత్రంతా కాలు నిలవని ఆ డ్యూటీకి అదనపు భత్యం లేకపోతే, సెలవు పెట్టినప్పుడు బదులు మనిషి లేకపోతే ఎవరైనా అదే అడుగుతారు. కాబట్టి శిక్షణ పొందిన సిస్టర్‌ను ఆమె కోరితే తప్ప కనీసం మూడేళ్లు కదపకూడదని వైద్య ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇవ్వాలి, ఆ మూడేళ్లకు ప్రత్యేక భత్యం చేర్చాలి. నవజాత శిశు నర్సింగ్‌లో ఏడాది డిప్లొమా, చైల్డ్ హెల్త్ నర్సింగ్‌లో ఎంఎస్సీ చేసినవారిని ముందుగా ఈ వార్డుల్లోనే నియమించాలి. ఆ పూట ఎంతమంది బిడ్డలకు ఎంతమంది సిస్టర్లు డ్యూటీలో ఉన్నారో వార్డు తలుపు దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలని కూడా కోరుతున్నాను. బయట బెంచీల మీద కూర్చున్న తల్లిదండ్రులు ఆ అంకె చూసి అడగగలుగుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం