వయసుకు వంద కలిపితే బీపీ నార్మలా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా అన్నయ్యకు 59 ఏళ్లప్పుడు ఒక వైద్య శిబిరంలో బీపీ చూస్తే 158/96 వచ్చింది. ఇంట్లోవాళ్లూ, స్నేహితులూ అందరిదీ ఒకటే మాట: ‘‘వయసుకు వంద కలుపుకో. 159 దాకా నీకు నార్మలే.’’ తల తిరగడం లేదు, నొప్పి లేదు. అందుకని మళ్లీ చూపించుకోలేదు, మాత్ర మొదలుపెట్టలేదు. మొన్న సంక్రాంతికి ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు ఎడమ చేత్తో చెంచా పట్టుకుని అన్నం తింటున్నాడు.

వయసుకు వంద కలిపే లెక్క తప్పు. వేర్వేరు రోజుల్లో సరిగ్గా చూసినా పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అది హై బీపీయే. వయసు మీద పడేకొద్దీ రక్తనాళాలు గట్టిపడి పై అంకె పెరిగే మాట నిజమే. చాలామందికి పెరుగుతుంది కాబట్టి పెరిగినా ఫర్వాలేదు అనుకోవడంలోనే ఉంది ప్రమాదమంతా. పైగా ఎక్కువమందికి బీపీ ఏ లక్షణమూ చూపించదు. మనం ‘మామూలే’ అన్నప్పుడు అందరికీ ఉండేదని అంటున్నామా, ఉండాల్సిందే ఉందని అంటున్నామా?

మా కోడలి రక్తపరీక్షల రిపోర్టులోనూ ఇదే జరిగింది. రెండు చోట్ల స్టార్ గుర్తు వేసి ఉంది. యూరిక్ యాసిడ్ 6.2, ల్యాబ్ వేసిన హద్దు 6. ఇల్లంతా టెన్షన్ పడి, పప్పు తింటే అది ఇంకా పెరుగుతుందేమోనని ఆ అమ్మాయికి కందిపప్పు మాన్పించాం. కనీసం 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ 9.4 ఉంటే, దాని దగ్గర కూడా అదే స్టార్ ఉంది. దాన్ని మాత్రం ‘‘ఆడవాళ్లకు మామూలేలే’’ అని వదిలేశాం. డాక్టరమ్మ చూసి మొదటిదాన్ని పక్కన పెట్టి, రెండోదానికి మందు రాశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం మందికి పైగా ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యం అయిపోదు కదా!

రిపోర్టులో ఇచ్చే హద్దులు చాలావరకు, ఆరోగ్యంగా ఉన్న వందమందిలో 95 మందికి వచ్చే విలువలను బట్టి వేసినవి. అంటే ఏ జబ్బూ లేని ఐదుగురు కూడా ఆ హద్దు దాటుతారు. అరవై, డెబ్భై పరీక్షల ప్యాకేజీ చేయించుకుంటే ఒకటి రెండు స్టార్లు పడటం వింత కాదు. కొంచెం తేడాకూ, వెంటనే వైద్యం కావాల్సిన తేడాకూ ఒకే గుర్తు వేసి, అదీ ఇంగ్లిష్‌లో ఫోనుకు పంపేస్తే మామూలు జనానికి ఏం అర్థమవుతుంది? రిపోర్టు చివర నాలుగు వాక్యాలు తెలుగులో రాయడం ల్యాబులకు భారం కాదు.

బీపీ చూసే తీరు కూడా మారాలి. మెట్లెక్కి వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, మాట్లాడిస్తూనే పట్టీ చుట్టేస్తున్నారు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోనిచ్చి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, మాట్లాడకుండా చూడాలి. లేకపోతే లేని బీపీ కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు చేస్తున్న పరీక్షలు మంచి పని. ‘బాగానే ఉంది’ అని నోటితో చెప్పి ఊరుకోకుండా, ఆ అంకెను తేదీ వేసి ఒక కార్డు మీద రాసివ్వాలి.

మా ఊరి ఉపకేంద్రం గోడ మీద పిల్లల టీకాల పట్టిక పెద్ద అక్షరాలతో ఉంది. దాని పక్కనే ఇవీ రాయించమని జిల్లా వైద్యాధికారులను వేడుకుంటున్నాను: బీపీ 140/90 అంటే మళ్లీ చూపించుకోవాలి. పరగడుపు షుగర్ 100కు చేరితే జాగ్రత్త పడాలి, 126కు చేరితే డాక్టరును కలవాలి. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11 కంటే తగ్గకూడదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా