ఆటిజం పిల్లలను దయ్యాలకు గుర్తుగా చూపించకండి

సంపాదకులకు నమస్కారం.

మానసిక భయానక చిత్రాల్లో ఇంట్లో దయ్యం తిరుగుతోందని ముందుగా పసిగట్టేది తరచూ ఒక పిల్లవాడే. వాడు ఎవరి కళ్లలోకీ చూడడు, గోడ మూలకేసి చూస్తూ ఊగుతాడు, విన్న మాటనే గొణుగుతాడు, చెవులు మూసుకుంటాడు. వాడికి ఆటిజమని, అంటే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా అని, సినిమాలో ఎక్కడా చెప్పకపోయినా, ఆ చేష్టలన్నీ ఎవరి దగ్గర చూసి తెచ్చుకున్నారో ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల కొడుకును పెంచుతున్న నాకు ఇట్టే తెలిసిపోతుంది.

మా వాడికి మెట్రో రైలంటే ప్రాణం. అందులో విన్న ‘తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి’ అన్న ప్రకటనను అదే గొంతుతో, అదే విరుపుతో రోజుకు ఎన్నిసార్లు అంటాడో లెక్కలేదు. బయటికి తీసుకెళ్లమని అడగడానికీ అదే మాట, కంగారు పుడితే తనను తాను సముదాయించుకోవడానికీ అదే మాట. ఇలా విన్నది తిరిగి పలకడం గురించి 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లలపై రాసిన వ్యాసంలోనే ఉంది. మొన్న కరెంటు పోయి లిఫ్టు ఆగినప్పుడు చీకట్లో వాడు ఆ మాట అందుకోగానే, పక్కింటి పాప వాళ్లమ్మ చున్నీ పట్టుకుని, “సినిమాల దయ్యం పట్టినోడు ఇట్లనే మాట్లాడ్తడు” అంది. పాపను తప్పుపట్టలేను. వాడికి రెండున్నరేళ్లప్పుడు పెద్దల మాట విని తాయత్తు కట్టించి, ఏడాది పోగొట్టుకున్నవాళ్లం మేమే కదా.

2020లో వచ్చిన ఆంగ్ల చిత్రం ‘కమ్ ప్లే’లో మాటలు రాని ఆటిజం బాలుడే ముఖ్యపాత్ర. వాడి ఒంటరితనాన్ని శ్రద్ధగానే చూపారు గానీ, రాక్షసుడు బయటికి వచ్చేది మాత్రం వాడికి మాటగా ఉపయోగపడే ఫోను, ట్యాబ్ తెరల్లోంచే. మేము వెళ్లే థెరపీ సెంటర్‌లో పిల్లలు అలాంటి తెర మీదే బొమ్మ నొక్కి మంచినీళ్లు అడుగుతారు.

భయానక చిత్రాలు వద్దనడం లేదు, నేనూ చూస్తాను. అయితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని ఒక వైకల్యంగా స్పష్టంగా గుర్తించింది. దృశ్య మాధ్యమాల్లో వికలాంగుల చిత్రణపై 2024 జులై 8న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, వైద్య స్థితిని వీలైనంత కచ్చితంగా చూపాలనీ, వారి భాగస్వామ్యం ఉండాలనీ చెప్పింది. ఫిల్మ్‌నగర్‌లో కథలు రాసేవారికి బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎంత దూరమని? స్క్రిప్టు ఖాయం చేసే ముందు అక్కడి నిపుణులకూ, ఇద్దరు ముగ్గురు తల్లులకూ ఆ సన్నివేశాలు చదివి వినిపించమని మనవి.

– ఒక తల్లి, తార్నాక, హైదరాబాద్