మా నలుగురు పిల్లల ఫైలు ఎక్కడుంది సార్?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే ఒక టీచరు నమస్కరించి రాసుకుంటున్న లేఖ. మా నలుగురు పిల్లలు జపాన్ వెళ్ళడానికి అనుమతి కోరుతూ ఇది నా నాలుగో అర్జీ. రెండింటికి ఉలుకూ పలుకూ లేదు. మూడోదానికి ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఎవరినడిగినా చెప్పలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోవద్దు.

విద్యార్థుల మార్పిడి కార్యక్రమం సంగతి మీకు తెలిసిందే. మా పిల్లలూ హిరోషిమాలో ఒక బడి పిల్లలూ ఏడాదిగా నెలకోసారి కంప్యూటర్‌లో కలుసుకుంటున్నారు. యుద్ధం గురించి ఇంట్లో పెద్దవాళ్ళకు ఏం గుర్తుందో అడిగి, రాసుకొచ్చి, ఒకరికొకరు చెప్పుకోవాలి. రెండో నెలలో నేను 1942 ఏప్రిల్ 6 గురించి చెప్పాను. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయని మా పిల్లలకే తెలీదు, ఇక వాళ్ళకేం తెలుస్తుంది? అటువైపు ఒకమ్మాయి లేచి నిలబడి, తలవంచి, క్షమించమని అడిగింది. అణుబాంబుకు కాలిపోయిన ఊరి పిల్ల! మా తరగతిలో ఎవరికీ నోట మాట రాలేదు.

ఆ తర్వాత మీ ఊళ్ళో యుద్ధం జరిగిందా అని వాళ్ళు అడిగారు. జరిగిందని మా తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది. మా జిల్లాలో వర్గ కక్షలకు పేరుపడ్డ కప్పట్రాళ్ల ఊరి పేరు తెలిసిన మీకు ఫ్యాక్షన్ గురించి నేను వివరించక్కర్లేదు. ఆ పిల్ల తాత నాటుబాంబుకు పోయాడు. అవతలి వర్గం వాళ్ళ మనవరాలు అదే గదిలో పక్క బెంచీలో ఉంది. మీరిద్దరూ మాట్లాడుకుంటారా అని జపాన్ పిల్లలు అడిగితే, “ఆరో తరగతిలో మాట్లాడుకోలేదు. ఇప్పుడు మాట్లాడుకుంటాం. ఇంట్లో మాత్రం చెప్పం” అన్నారు ఇద్దరూ. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో అలాంటి క్లాసు జరగలేదు.

ఆ ఇద్దరినీ, ఇంకో ఇద్దరు ఆడపిల్లలనూ అణుబాంబు పడిన రోజైన ఆగస్టు 6కు హిరోషిమా రమ్మన్నారు. టికెట్లు, బస వాళ్ళవే. పాస్‌పోర్టులు నేను తీయించాను. ప్రభుత్వం ఇవ్వాల్సింది అనుమతి కాగితం ఒక్కటే.

ఫిబ్రవరిలో ఫైలు పెట్టాను. ప్రాపర్ చానల్‌లో రమ్మంటే అలాగే వెళ్ళాను. ఖర్చు ప్రభుత్వం మీద పడదని రాసిమ్మంటే రాసిచ్చాను. ఆడపిల్లలతో ఆడ టీచరు ఉండాలన్నారు. అది న్యాయమే, మా తెలుగు మేడం ఒప్పుకున్నారు. ఆ తర్వాత తల్లిదండ్రులిద్దరి అంగీకారం స్టాంపు పేపరు మీద కావాలన్నారు. మా వైపు తల్లిదండ్రులు ఆ నెలలో ఊళ్ళో ఉంటారా సార్? సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోయి ఉంటారు. సగం ఇళ్ళకు తాళాలు, మిగతా వాటిలో ముసలివాళ్ళు, పిల్లలు. సెలవు పెట్టి గుంటూరు వైపు బస్సెక్కాను. మిరప చేలల్లో గుడారం గుడారం అడుగుతూ పోయాను. ఒకచోట తండ్రి దొరికాడు, తల్లి ఇంకో చేనికి కోతకు పోయింది. చీకటి పడేదాకా కూర్చున్నాను. ఆమె వచ్చి, మిరప ఘాటుకు మండుతున్న చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసింది. “మా పాప ఇమానం ఎక్కుతాదా సార్?” అని అడిగింది. ఎక్కుతుందని చెప్పాను. మంత్రి గారూ, మీ ప్రభుత్వాన్ని నమ్మి ఇచ్చిన మాట అది.

ఏప్రిల్‌లో ఫైలు వెనక్కి వచ్చింది. ఈ ప్రయాణానికీ సిలబస్‌కూ సంబంధం ఏమిటో చెప్పమన్నారు. ఎనిమిది పేజీలు రాశాను. మేలో ఫైలు వేరే సెక్షన్‌కు పోయిందన్నారు. జూన్‌లో చూసే సార్ బదిలీ అయ్యారన్నారు. జూలైలో స్టాంపు పేపర్లు పాతబడ్డాయి, కొత్తవి తెమ్మన్నారు.

ఆగస్టు 6 వచ్చింది, అనుమతి రాలేదు. హిరోషిమాలో ఉదయం 8.15కు గంట మోగేటప్పుడు మనకు తెల్లవారుజామున 4.45. ఆ రోజు నలుగురూ చీకట్లోనే బడికొచ్చి కంప్యూటర్ ముందు నిలబడ్డారు. నేను వాళ్ళ ముఖాలు చూడలేకపోయాను.

మేం అడుగుతున్నది వింత కోరిక కాదు. డెబ్బై ఏళ్ళలో మూడు యుద్ధాలు చేసుకున్న ఫ్రాన్స్, జర్మనీ 1963లో పిల్లల రాకపోకల కోసం ఒక ఆఫీసే పెట్టుకున్నాయి. ఇప్పటికి 90 లక్షల మందికి పైగా దాని ద్వారా కలిశారు. మన రాష్ట్రం నుంచి కూడా 2023లో పది మంది ప్రభుత్వ బడి పిల్లలు ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళొచ్చారు కదా. అప్పుడు దొరికిన సంతకం మా పిల్లలకు ఎందుకు దొరకదు?

అణుబాంబు నుంచి బతికి బయటపడినవాళ్ళ సగటు వయసు 85 దాటింది. 2024లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నది వాళ్ళ సంఘమే. మా పిల్లలతో మాట్లాడతానన్న ఒక పెద్దావిడ ప్రతి నెలా కంప్యూటర్‌లో వాళ్ళ కోసం అడుగుతున్నారు. వచ్చే ఆగస్టుకైనా రమ్మంటున్నారు.

దయచేసి ఆ ఫైలు తెప్పించుకుని చూడండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని రాయండి, పిల్లలకు నేనే చెప్పుకుంటాను. ఇచ్చేటట్లయితే, తల్లిదండ్రుల సంతకాలు మళ్ళీ కావాలో వద్దో దీపావళిలోగా చెప్పించండి. దీపావళి దాటితే మా ఊళ్ళు మళ్ళీ ఖాళీ అవుతాయి.

ఇట్లు
మీ ఉపాధ్యాయుడు,
కర్నూలు జిల్లా