రొయ్యల కొనుగోలు యాప్ విషయమై సాఫ్ట్‌వేర్ సంస్థకు ఫిర్యాదు లేఖ

నెల్లూరు,
10 నవంబరు 2025.

డైరెక్టరు గారికి,
సాఫ్ట్‌వేర్ సేవల సంస్థ, హైదరాబాదు.

విషయం: రొయ్యల కొనుగోలు, మేత ఖాతాల యాప్‌ను ఒప్పందం ప్రకారం అందించకపోవడం; సోర్స్‌కోడ్, డేటా అప్పగింత, లోపాల సవరణ లేదా సొమ్ము వాపసు కోరడం గురించి.

అయ్యా,

విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు మండలాల రైతుల దగ్గర వన్నామీ రొయ్యలను గుంట (సాగు చెరువు) గట్టు మీదనే కొని ప్రాసెసింగ్ ప్లాంట్లకు పంపడం, అదే రైతులకు పంటకాలంలో మేతను అప్పుగా ఇచ్చి పట్టుబడి రోజున, అంటే గుంటలో రొయ్యలు పట్టే రోజున, లెక్క సరిచేసుకోవడం మా సంస్థ వ్యాపారమని మీకు తెలుసు. ఈ వ్యాపారానికి సరిపడే యాప్‌ను మా అవసరాల మేరకు కొత్తగా తయారుచేసి ఇస్తామని 2024 డిసెంబరులో మీరు ఒప్పందం రాసుకున్నారు. ఒప్పుకున్న 14 లక్షల రూపాయల్లో 70 శాతం, అంటే 9 లక్షల 80 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కింద 1,76,400 రూపాయలు రెండు విడతలుగా ఇప్పటికే మీకు చేరాయి. తాజా రొయ్యలకు గానీ రొయ్యల మేతకు గానీ జీఎస్టీ లేదు కనుక ఆ పన్నును మేము ఎక్కడా సర్దుబాటు చేసుకోలేము. అదంతా మాకు ఖర్చు కిందే పోయింది.

కొత్త యాప్‌లో చిన్నా చితకా లోపాలు ఉంటాయని మాకూ తెలుసు. వాటి కోసమైతే ఈ లేఖ రాసేవాళ్లం కాము. రొయ్యల కొనుగోలు ఎలా జరుగుతుందో ఒక్కసారి గట్టు మీదికి వచ్చి చూడకుండా, మరో వ్యాపారానికి చేసిన యాప్‌కు పేర్లు మార్చి మాకు అంటగట్టారన్నది మా ఫిర్యాదు. ఇది ఊహించి అంటున్న మాట కాదు. ఆధారాలు మీ యాప్‌లోనే ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది కౌంటు లెక్క. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది కౌంటు. ధర మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. సరుకులో నాలుగైదు చోట్ల నుంచి తీసి తూచి, లెక్కపెట్టి, సగటు కడతారు. ప్లాంట్లు ఇచ్చే ధరల పట్టికలో 30, 40, 50 ఇలా పదుల కౌంట్లకే ధర ఉంటుంది. మధ్యలో వచ్చే కౌంటుకు రెండు ధరల తేడాను పదితో భాగించి ఒక్కో కౌంటుకు అంత చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. ఉదాహరణకు 40 కౌంటు 400 రూపాయలు, 50 కౌంటు 350 రూపాయలు ఉన్న రోజున 44 కౌంటు సరుకుకు కిలో 380 రూపాయలు పడాలి. మీ యాప్ 44ను నేరుగా 50 కౌంటు గడిలో వేసి 350 రూపాయలు కడుతోంది. కిలోకు 30 రూపాయలు, టన్నుకు 30 వేలు. నాలుగు టన్నులు పట్టిన రైతుకు లక్షా ఇరవై వేలు తేడా వస్తుందన్న మాట. ఈ సూత్రాన్ని ఉదాహరణతో సహా ఒప్పందం అనుబంధంలో రాసి ఇచ్చాము, ఆ పేజీ మీద మీ ప్రతినిధి సంతకం కూడా ఉంది. అయినా తప్పు ముందే బయటపడకపోవడానికి కారణం, రెండో విడత సొమ్ము కోసం మీరు చేసి చూపించిన పరీక్షలో 40, 50, 60 అనే నిండు అంకెలు మాత్రమే వేశారు. నిజం గుంటలో నిండు అంకె వచ్చే రోజు అరుదు.

ఈ తప్పు వల్ల రైతు నష్టపోలేదు, ఎందుకంటే యాప్ మాటను ఏ రైతూ ఒప్పుకోలేదు. ఇక్కడి రైతు మన ఫోను లెక్క తేల్చేలోపే తన లెక్క నోటితో కట్టేసి ఉంటాడు. మా గుమాస్తాలు మళ్లీ పాత కాగితం పుస్తకాల్లోనే బిల్లు రాసి, తరువాత ఆ మొత్తం వచ్చేలా యాప్‌లో దొంగ కౌంటు వేయవలసి వస్తోంది. అంటే మా రికార్డుల్లో ఇప్పుడు ఉన్న కౌంట్లలో ఏది నిజమో ఏది సర్దిందో మాకే తెలియదు.

రెండోది ధరల పట్టిక. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చాక, ప్లాంట్ల నుంచి వచ్చే ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా మారిన రోజులు ఉన్నాయి. ధర మారినప్పుడల్లా మా ఆఫీసులో కొత్త పట్టిక ఎక్కించారు. సరుకు కొన్న రోజు ధరను బిల్లులో భద్రపరచకుండా, బిల్లు తెరిచిన ప్రతిసారీ తాజా పట్టిక నుంచి ధర తెచ్చుకునేలా మీరు రాసినందున, తీరిపోయిన పాత బిల్లులన్నీ కొత్త ధరతో మళ్లీ లెక్కకట్టుకున్నాయి. జులైలో సరుకు అమ్మి, డబ్బు కూడా బ్యాంకులో పడిన ఇందుకూరుపేట మండలం రైతు ఒకాయన సెప్టెంబరులో మా ఖాతాల్లో బాకీదారుగా తేలాడు. అంతటితో ఆగకుండా, బాకీ కట్టమని యాప్ తనంతట తానే ఆయనకు ఎస్సెమ్మెస్ పంపింది. ఆయన మా ఆఫీసుకు వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా ఫోను బల్ల మీద పెట్టి, ‘ఇదేంది?’ అని ఒక్క మాట అడిగాడు. మా నాన్నగారి కాలం నుంచి మాతో లావాదేవీలున్న మనిషికి మేము చెప్పగలిగింది ఏమీ లేకపోయింది. తెగిన బిల్లు తరువాత మారకూడదన్నది లెక్కలు రాసే ఏ గుమాస్తాకైనా తెలిసిన సంగతి. వ్యాపార యాప్‌లు చేస్తామనే సంస్థకు అది చెప్పించుకోవలసిన విషయం కాకూడదు.

సిగ్నలు లేనిచోట కూడా పనిచేయాలన్నది ఒప్పందంలో మేము పట్టుబట్టి రాయించిన షరతు. పట్టుబడులు ఎక్కువగా తెల్లవారుజామున, సముద్రం వైపు గుంటల దగ్గర జరుగుతాయి. అక్కడ ఫోను మాట్లాడాలంటేనే రోడ్డు మీదికి రావాలి. ట్రే కాటా మీద పెట్టగానే గుమాస్తా తూకం వేసి సేవ్ నొక్కుతాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెనక ట్రే పట్టుకుని మనిషి నిలబడి ఉంటాడు కాబట్టి గుమాస్తా మళ్లీ నొక్కుతాడు. లారీతో పాటు రోడ్డెక్కి సిగ్నలు అందుకోగానే రెండు నొక్కులూ సర్వరుకు చేరి, ఒక ట్రే కాస్తా రెండు ట్రేలవుతుంది. మా చలానాకూ ప్లాంటు తూకానికీ పొంతన కుదరక, సరుకు దారిలో ఏమైందని మా డ్రైవర్లను అనుమానించే పరిస్థితి వచ్చింది. ప్రతి తూకానికీ ఫోనులోనే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టించి, అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వరు తిప్పికొట్టేలా రాస్తే ఈ చిక్కు ఉండదు. ఇదేమీ కొత్త విద్య కాదు. దీన్ని సరిచేయమని మెయిల్ పెడితే, ‘మీ సిబ్బందికి ఒకసారే నొక్కమని శిక్షణ ఇవ్వండి’ అని మీ సపోర్టు విభాగం జవాబిచ్చింది. ఆ జవాబు ప్రతిని దీనితో జతచేస్తున్నాము.

ఇక ఈ యాప్ ఎక్కడి నుంచి వచ్చిందన్న సంగతి. అక్టోబరులో నెలవారీ నివేదికను ఎక్సెల్‌లోకి దించితే మొదటి వరుసలో ‘కేంద్రం వారీగా పాల సేకరణ’ అనే శీర్షిక, ఒక గడికి ‘ఫ్యాట్ శాతం’ అనే పేరు కనిపించాయి. రొయ్యలకు వెన్న శాతం కొలిచే పద్ధతి మా జిల్లాలో ఇంకా మొదలు కాలేదు. దీని మీద మీ ప్రాజెక్టు మేనేజరును గట్టిగా అడిగితే, పని వేరే టీముకు అప్పగించామనీ, వారి దగ్గర డెయిరీలకు చేసిన యాప్ ఉంటే దానినే వాడారనీ ఒప్పుకున్నారు. ఉన్న కోడ్‌ను వాడుకోవడం తప్పని మేము అనడం లేదు, లాగిన్, రసీదు, ఎస్సెమ్మెస్ వంటివి ప్రతిసారీ మొదటి నుంచి రాయనవసరం లేదు. అయితే పాలధర కొవ్వు శాతాన్ని బట్టి గడుల్లో పడుతుంది, రొయ్యల ధర కౌంటు మధ్యలో కూడా కదులుతుంది. ఆ తేడాను పట్టించుకోకుండా గడుల పట్టికను అలాగే ఉంచినందువల్లనే పైన చెప్పిన కౌంటు తప్పు వచ్చిందని ఇప్పుడు మాకు స్పష్టమైంది. పైగా మా రాతపూర్వక అనుమతి లేకుండా పనిని మూడో సంస్థకు ఇవ్వకూడదన్న షరతును మీరు ఉల్లంఘించారు. మా రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు ఆ సర్వరులో ఉన్నాయి. వాటిని ఎవరెవరు చూశారో చెప్పవలసిన బాధ్యత మీదే.

ఎగుమతికి కావలసిన వివరాల విషయంలో కూడా ఇదే అశ్రద్ధ. నిషేధించిన యాంటీబయాటిక్స్ లేవని పట్టుబడికి ముందు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ల్యాబులో చేయించే పరీక్ష నివేదిక, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ నంబరు, గుంట నంబరు, ఈ మూడూ ప్రతి లాటుకూ (ఒక విడత సరుకుకు) జతపడి ఉండాలని ప్లాంట్లు అడుగుతాయి. వీటికి మీరు ‘రిమార్కులు’ అనే ఒకే గడి ఇచ్చి సరిపెట్టారు. గడిలో ఏది రాసినా రాయకపోయినా లారీ చలానా బయటికి వస్తోంది. రసీదు మీద తెలుగు ఒత్తులు విడిపోయి ముత్తుకూరు ‘ముత్‌తుకూరు’గా అచ్చుపడటం, 2022 ఏప్రిల్‌లోనే నెల్లూరు జిల్లాలో కలిసిన ఉలవపాడు, గుడ్లూరు మండలాలు మీ జాబితాలో ఇంకా ప్రకాశం కిందే ఉండటం వంటివి వీటి ముందు చిన్నవి. జిల్లాల హద్దులు మళ్లీ మారవచ్చన్న మాట వినబడుతోంది కాబట్టి ఆ జాబితాను మేమే మార్చుకునే వీలు మాత్రం కల్పించాలి.

ఇవన్నీ మరెవరితోనైనా బాగుచేయించుకుందామంటే మా చేతిలో ఏమీ లేదు. సర్వరు ఖాతా మీ పేరు మీద ఉంది, ప్లే స్టోర్ ఖాతా మీ పేరు మీద ఉంది, దాని ఓటీపీ మీ దగ్గర ఉద్యోగం మానేసిన వ్యక్తి ఫోనుకు పోతుందని మీరే చెబుతున్నారు. మా ఖాతాల డేటా ఇమ్మంటే పీడీఎఫ్‌లు పంపారు. వాటిలోంచి వేల బిల్లులను మళ్లీ చేత్తో ఎక్కించడం ఎవరివల్లా అయ్యే పని కాదు. బయటి సంస్థతో రాయించుకున్న ప్రోగ్రాము మీద హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారి దగ్గరే ఉండిపోతుందని మా వకీలు ముందే హెచ్చరించినందున, ప్రతి విడత సొమ్ము అందగానే ఆ విడత కోడ్‌పై సర్వహక్కులూ మాకు బదిలీ అవుతాయని, కోడ్ ప్రతిని అదే వారంలో అప్పగించాలని ఒప్పందంలో రాయించాము. రెండు విడతలు చెల్లించాము. ఒక్క ఫైలు కూడా మా చేతికి రాలేదు.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా, మిగతా వివాదం ఎలా తేలినా దానితో ముడిపెట్టకుండా, ఇప్పటివరకు రాసిన సోర్స్‌కోడ్ మొత్తాన్ని, మా డేటాను ఎక్సెల్‌లో గానీ సీఎస్‌వీలో గానీ తెరవగలిగే రూపంలో పూర్తిగా, సర్వరు, ప్లే స్టోర్ ఖాతాల యాజమాన్యాన్ని మాకు అప్పగించవలసిందిగా కోరుతున్నాము. మా రైతుల వివరాలు చూసే వీలున్న వ్యక్తుల, సంస్థల జాబితాను సంతకంతో ఇవ్వాలి. ఆ తరువాత యాప్‌ను మీరే సరిచేయదలిస్తే, మీ టీములో కోడ్ రాసే వ్యక్తి కనీసం ఒకరు ఒక పట్టుబడి మొదటి నుంచి చివరి దాకా గట్టు మీద ఉండి చూడాలన్నది మా షరతు. రాకపోకలకు, భోజన వసతులకు ఏర్పాటు మేము చేస్తాము. కౌంటు, పాత బిల్లుల స్థిరత్వం, రెట్టింపు తూకాలు, లాటు వివరాలు, ఈ నాలుగూ మేము ఇచ్చే పాత కాగితం బిల్లులతో సరిపోల్చి నిగ్గుతేలే వరకు మూడో విడత అడగకూడదు. అలా చేయడం మీకు సమ్మతం కాకపోతే, నిండు అంకెల పరీక్ష చూపించి తీసుకున్న రెండో విడత 5 లక్షల 60 వేలు, దాని మీద జీఎస్టీ 1,00,800 రూపాయలు తిరిగి ఇచ్చి ఒప్పందాన్ని ముగించండి. మొదటి విడతను మేము అడగడం లేదు.

గడువులోగా సమాధానం రాకపోతే ఒప్పందంలో పేర్కొన్నట్లు నెల్లూరు జిల్లాపై అధికార పరిధి ఉన్న న్యాయస్థానంలోనే దావా వేస్తాము. వాణిజ్య న్యాయస్థానాల చట్టం, 2015లోని 12ఏ సెక్షన్ ప్రకారం దావాకు ముందు జరగవలసిన మధ్యవర్తిత్వానికి మేము సిద్ధమే. డేటా కోసం అత్యవసర ఉత్తర్వు కోరవలసి వస్తే మాత్రం దాని కోసం ఆగనవసరం లేదని మా వకీలు సలహా ఇచ్చారు.

సంక్రాంతి దాటగానే వేసవి పంటకు సీడు (రొయ్య పిల్లలు) వేసే రైతులకు మేత ఖాతాలు తెరవాలి. పాత బాకీలు ఎంతో సరిగ్గా తేలనిదే కొత్త ఖాతా తెరవలేము గనుక, పైన అడిగినవాటిలో డేటాను అన్నిటికంటే ముందు పంపండి. దాన్ని తీసుకుని సరిచూడటానికి మా అకౌంటెంటు పనిరోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు ఆఫీసులో అందుబాటులో ఉంటారు.

ఇట్లు,
మేనేజింగ్ పార్ట్‌నర్,
రొయ్యల కొనుగోలు, మేత సరఫరా సంస్థ,
నెల్లూరు.