తవ్వేముందు లోతు కొలవండి

అయ్యా,

అంతర్వేది మొగలో, అంటే గోదావరి సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట వేసి బోట్లు ఇరుక్కుంటే అందరూ డ్రెడ్జింగ్ (అడుగు తవ్వి పూడిక తీయడం) అంటారు, సర్వే మాట ఎత్తరు. వరద తీశాక మేట చోటు మారుతుంది, పాత మ్యాపు పనికిరాదు. ధ్వని అడుగును తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు చెప్పే ఎకో సౌండర్‌ను పడవకు కట్టి తిప్పేస్తే చాలదు. ఉప్పునీటిలో ధ్వని వేగం మంచినీటిలోకన్నా ఎక్కువ, మొగలో రెండూ కలుస్తాయి మరి. అందుకే రోజూ ముందుగా ఇనుప పలకను 2, 4, 6 మీటర్ల లోతుకు దించి రీడింగు సరిచూసుకోవాలి. ఆటుపోట్లకు నీటిమట్టం మారుతుంది కాబట్టి దాన్ని చూపే స్కేలు రీడింగు 10 నిమిషాలకోసారి రాయాలి. అది తప్పితే లెక్కంతా తప్పే.

మెత్తటి బురదలో 200 కిలోహెర్ట్జ్ ధ్వని పైపొర నుంచే తిరిగొస్తుంది, 33 అయితే లోపలికి దిగుతుంది. తవ్వేముందు 200తో, తవ్వాక 33తో కొలిచారా, తవ్వని బురదకూ బిల్లు లేస్తుంది!

— ఒక సర్వేయరు, రాజోలు